నీటిని బట్టి తేనీరు

ఏప్రిల్, మే నెలలు వచ్చుసరికి గోదావరి డెల్టా ఇండ్లలో ఒక అభియోగము వినవచ్చుచుండును. "టీ మునుపటివలె లేదు" అని ఇంటి యజమాని అనును. ఇల్లాలు పాలవానిని అనుమానించును. పాలవాడు తన గేదెమీద ప్రమాణము చేయును. పిమ్మట పొడి అమ్మిన కొట్టువాని వంతు వచ్చును. ఈ ముగ్గురిలో ఎవరిదియు తప్పు కాకపోవచ్చును. ఆ దినములలో మారినది నీరు.

వేసవిలో కాలువలను మరమ్మతులకై కట్టివేయుదురు. దానికి ముందుగా ఊరి మంచినీటి చెరువును నింపుకొందురు. మరల కాలువకు నీరు వదలు వరకు అనేక గ్రామములకు ఆ చెరువే ఆధారము. ఎండకు నీరు ఆవిరియై పోవును గాని అందు కరగియున్న లవణములు పోవు. చెరువు తగ్గిన కొలదిని మిగిలిన నీటిలో అవి చిక్కబడును. ఏప్రిల్ మొదట తెచ్చిన బిందెకును, మే నెలాఖరున తెచ్చిన బిందెకును గల భేదమును మన నాలుక పసిగట్టకపోయినను తేయాకు పసిగట్టును. పాలు పోయని తేనీటిలో నూటికి 99 పాళ్లకు పైగా నీరే గదా!

ఈ లవణములలో టీని ముఖ్యముగా చెరచునది కాల్షియము బైకార్బొనేటు. డెల్టాలోని పెక్కు నూతుల నీటిలోను ఇది హెచ్చు. ఇట్టి నీటిలో ఆకు వేసినచో తేయాకులోని వగరు పదార్థములతో ఆ సున్నము కలిసి, చల్లారుచున్నకొద్దీ పైన నూనెతెట్టువంటి పొర కట్టును. రంగు నల్లబారును గాని నిగ్గు ఉండదు. వాసన చప్పబడును. రంగు ముదురుగా ఉన్నదని చూచి టీ దిట్టముగా దిగినదని భ్రమపడుట కలదు. త్రాగి చూచినగాని అసలు సంగతి తెలియదు.

దీనికి చికిత్స సులభమే. నీటిని ముందుగా పది నిమిషములు తెర్లకాచి దింపి కదపక ఉంచవలెను. సున్నము సుద్దయై అడుగున దిగును. టీ గిన్నె లోపల తెల్లగా పేరుకొనునది ఈ సుద్దయే. పైతేటను మెల్లగా వంచుకొని, దానినే మరల మరగించి టీ పెట్టుకొనవలెను. ఒకసారి కాగిన నీటిని మరల కాచరాదని కొందరు శాసించుదురు. అది మెత్తని నీరు దొరకు చోట్ల పుట్టిన మాట. సున్నము గల నీటికి అది వర్తింపదు. పాలు లేని టీ త్రాగువారు నాలుగు చుక్కల నిమ్మరసము పిండినచో ఆ తెట్టు విడిపోయి రంగు తేటపడును. అయితే నరసాపురము, అంతర్వేది వైపు సముద్రపు దాపున ఉన్న ఉప్పునూతుల సంగతి వేరు. ఉప్పు కాచినందున పోదు, పైగా చిక్కబడును. అక్కడ మంచినీరు తెచ్చుకొనుట తప్ప మార్గము లేదు.

జూలై, ఆగస్టులలో ఎర్రనీరు వచ్చినప్పుడు చిక్కు ఇంకొక రకము. పూర్వము మన పెద్దలు చిల్లగింజను నూరి బిందెలో కలిపి ఒండ్రును దింపెడివారు. అది మంచి ఉపాయమే. కాని ఒండ్రు దిగినంత మాత్రమున రోగక్రిములు చావవు, కాచుట మానరాదు. నేడు అనేకులు 20 లీటర్ల డబ్బాలలో కొనుచున్న శుద్ధజలములో లవణములు మిక్కిలి తక్కువ. అందులో టీ త్వరగా దిగి, వగరు సూటిగా తగులును. నూతినీటికి వాడిన కొలతనే దానికిని వాడి "చేదు" అనుకొనుట పొరపాటు. పొడిని కొంత తగ్గించిన చాలును.

నమ్మకము లేనివారు ఒక సాయంకాలము పరీక్షించి చూడవచ్చును. రెండు గిన్నెలలో ఒకే పొడి, ఒకే కొలత. ఒకదానిలో నూతినీరు, రెండవదానిలో మొదటి జల్లులు వెళ్లిన పిదప పట్టి కాచిన వాననీరు. మూడు నిమిషములు ఉంచి, పాలు కలపక, తెల్లని కప్పులలోనికి వడగట్టుడు. ఆ పిమ్మట పాలవానిని క్షమింపవచ్చును.

ఇక ఆకు సంగతి. నల్ల టీ, పచ్చ టీ, ఊలాంగు అనునవి వేర్వేరు చెట్లనుండి వచ్చునని చాలమంది తలంపు. అన్నియు ఒకే మొక్కవే. దాని శాస్త్రీయనామము కమేలియా సైనెన్సిస్. కోసిన ఆకును వెంటనే వేడిచేసి ఆరబెట్టినచో పచ్చ టీ. నలిపి, గాలి తగులనిచ్చి, నల్లబడిన పిదప ఆరబెట్టినచో నల్ల టీ. నడుమ ఆపినచో ఊలాంగు. అస్సాములో ఈ మొక్క అడవిగా పెరుగుచున్న సంగతి 1823లో రాబర్టు బ్రూసు అను స్కాట్లండు వర్తకునికి తెలిసినది. తరువాత లేచిన తోటలలో పనిచేయుటకు మన గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండియు కూలీలు తరలిపోయిరి. ఈ దేశములో ఆకును పండించినంత సులభముగా త్రాగుట అలవాటు చేయలేకపోయిరి. 1903లో తేయాకు ఎగుమతిపై ప్రత్యేకముగా సుంకము విధించి, ఆ సొమ్ముతో టీ ప్రచారము సాగింపవలసి వచ్చినది.

మన ఇండ్లలో నేడు వాడునది హెచ్చుగా సన్నని గుండ్రని పలుకుల పొడి. ఆకును పండ్లుగల రోలర్ల నడుమ నలిపి, చించి, చుట్టు యంత్రము 1930 ప్రాంతమున అస్సాములో పుట్టినది. ఆ పద్ధతినే సీటీసీ అందురు. ఈ పొడి రంగు త్వరగా దిగును, పాలకు తట్టుకొనును. కప్పునకు చిన్న చెంచాడు, అనగా సుమారు 2 గ్రాములు చాలును. తెర్లు నీటిలో వేసి, మంట తీసి, మూతపెట్టి మూడు నిమిషములు ఉంచవలెను. పొయ్యిమీదనే అరగంట కాచినది టీ కాదు, మందు కషాయము. నీలగిరి ఆకు టీకి నాలుగైదు నిమిషములు కావలెను. పాలతోను, నిమ్మతోను కుదురును. డార్జిలింగు ఆకు సున్నితమైనది. దానికి గేదెపాలు పోయుట పట్టుచీరతో వరినాట్లకు దిగుట వంటిది.

పచ్చ టీ చేదుగా ఉన్నదని డబ్బాను అటకెక్కించిన వారు నాకు చాలమంది తెలియును. వారి తప్పు ఒక్కటే: దానిపై తెర్లు నీరు పోయుట. దానికి 80 డిగ్రీల వేడి చాలును. ఉష్ణమాపకము అక్కరలేదు. తెర్లు నీరు మూడు గ్లాసులకు, కాచి చల్లార్చిన నీరు ఒక గ్లాసు కలిపినచో వేడి ఇంచుమించు అక్కడికి దిగును. అందు ఆకు వేసి రెండు నిమిషములకే వడగట్టవలెను.

గేదెపాలలో వెన్న నూటికి 7 పాళ్ల వరకు ఉండును. ఆవుపాలలో ఇంచుమించు 4. చిక్కని గేదెపాలు సగము పోసినచో నోటికి తగులునది పాలే. రెండుపాళ్లు డికాషనుకు ఒకపాలు పాలు మంచి కొలత. పాలలోని మాంసకృత్తులు వగరును పట్టివేయును. పాలటీ మెత్తగా ఉండుటకు కారణమదియే.

అల్లపు టీ విరిగినదని విచారించు ఇల్లాండ్రకు ఒక్కమాట. పచ్చి అల్లములో పాలను విరిచెడి ఎంజైము కలదు. తెర్లు వేడికి అది నశించును. కావున అల్లమును దంచి ముందు నీటిలో నాలుగు నిమిషములు మరగనిచ్చి, తరువాత పొడి వేసి, చివర పాలు పోయవలెను. పాలలో అల్లము వేయరాదు. బెల్లము, తాటిబెల్లము సంగతియు ఇట్టిదే. వాటిలోని పులుపుకు మరుగుచున్న పాలు విరుగును. పొయ్యి దింపి, కొంత వేడి తగ్గిన పిదప కలిపినచో చెడదు. తులసి, నిమ్మగడ్డి కాచిన నీటిని కూడ నేడు టీ అనుచున్నారు. వానిలో తేయాకు లేదు గనుక కెఫీను ఉండదు. రాత్రిపూట త్రాగుటకు అవియే మేలు.

త్రాగు వేళ గూర్చి కూడ చెప్పవలసి ఉన్నది. భోజనము కాగానే టీ త్రాగు అలవాటు మన ఇండ్లలో స్త్రీలలో హెచ్చు. అందరికి వడ్డించి, తాము తిని, అప్పుడు తీరికగా ఒక కప్పు. తోటకూర, పప్పు మొదలగు శాకాహారములోని ఇనుమును టీలోని వగరు పదార్థము పట్టి ఒంటికి చేరనీయదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. దానికి టీయే కారణమని కాదు. కాని ఉన్న కొరతకు అది తోడగుచున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో భోజనమునకు ముందొక గంట, తరువాత ఒక గంట టీ, కాఫీలు మానుడని చెప్పినది. ఆ కప్పును మూడు గంటల వేళకు జరుపుకొనవలెను. భోజనములో ఒక నిమ్మబద్ద పిండుకొన్నచో ఇనుము మరికొంత ఒంటపట్టును.

పొడి కొనినప్పుడు చిటికెడు తీసి తడి అద్దుడు కాగితముపై చల్లి, కాసేపాగి దులిపి కడిగి చూడుడు. కాగితముపై ముదురు మరకలు నిలిచినచో రంగు కలిపినట్లే. వాడిన ఆకును ఎండబెట్టి, జీడిపప్పు పొట్టును జోడించి రంగువేసి అమ్ముట కలదు. అయస్కాంతము త్రిప్పినచో ఇనుపరజను ఉన్నయెడల అంటుకొనును. ఇక వానకాలమున తేయాకు చెమ్మను, వాసనను వేగముగ పీల్చుకొనును. గట్టి మూతగల డబ్బాలో పోసి, ఇంగువకు, ఆవకాయ జాడీకి, ఎండుచేపలకు ఎడముగా, వీలైనచో వేరే అలమరలోనే ఉంచుకొనవలెను.