హిమభూమిలో జింకపాలు

ఈనిన ఆవు తొలిపాలతో మన యిండ్లలో జున్ను వండుకొందుము. ఆ పాలు లేగకు ప్రాణాధారమని మేము గుర్తుచేసిన జున్నుప్రియులు కోపగింపరాదు! ఉత్తర నార్వేలో సామీ ప్రజలు పెంచెడి రెయిన్‌డీరు జింక సంగతియు నిట్టిదే. మే నెలలో, మంచు పూర్తిగా కరగకమునుపే దాని పిల్ల పుట్టును. రోగనిరోధక పదార్థములు గర్భములో మాయను దాటి పిల్లకు చేరవు, ముర్రుపాలతోనే రావలెను. వానిని చెడకుండ రక్తములోనికి గ్రహించు శక్తి పిల్ల ప్రేగులకు సుమారు ఒక దినము మాత్రమే యుండును. తొలి గంటలలో పాలందని పిల్ల బ్రతుకుట కష్టము.

తరువాత ఆ నిరోధకములు తగ్గినను పాలు పలుచబడవు. ఆవుపాలలో నూటికి 4 పాళ్ళు వెన్న యుండగా, వీనిలో సుమారు 15 పాళ్ళు. శరత్కాలము సమీపించుకొలది పాలు తక్కువగును, వెన్నయు మాంసకృత్తులును హెచ్చును, పాలచక్కెర తగ్గును. పాలలోనికి నీటిని లాగునది ఆ చక్కెరయే గనుక, అది తగ్గినకొలది పాలు చిక్కనగును. అప్పటికి పిల్ల గడ్డి మేయుచుండును.