గోధుమ మైదానము దాటి కొండల యొద్దకు

కెనడా అనగానే మన కోస్తా జిల్లాల సంఘములవారికి మొదట గుర్తుకు వచ్చేది మిషనరీ దొరలే. 1874లో మెక్లారిన్ దొరగారు కాకినాడలో కెనడియన్ బాప్టిస్టుల పని ఆరంభించారు. అప్పటి నుండి ఆ దేశము పేరు మన ప్రార్థనలలో వినబడుతూనే ఉన్నది. అయితే వారి దేశము ఎట్లుంటుందో చూచినవారు మనలో కొద్దిమందే. దేవుని కృపను బట్టి గత జూలై నెలలో మాకు ఆ దేశపు పడమటి భాగములోని ఆల్బర్టా రాష్ట్రములో కాల్గరీ పట్టణమును, దాని చుట్టుప్రక్కలను చూచే అవకాశము కలిగింది.

విమానము దిగుతున్నప్పుడు క్రిందికి చూస్తే గట్లు లేని పొలము. కనుచూపు మేర ఒక ప్రక్క గోధుమ పచ్చదనము, మరొక ప్రక్క పసుపుపచ్చని పూలు. మేము ఆవ చేను అనుకున్నాము. అది కనోలా అట. ఆవ జాతిదే, నూనె గింజ. 1872లో చేసిన చట్టము ప్రకారము పది డాలర్ల రుసుము కట్టి, కాపురముండి సాగుచేసినవానికి 160 ఎకరాలు ఇచ్చేవారు. ఇది విని మాలో ఒకరు, "మన తాతలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదే!" అని నవ్వారు. అయితే ఆ భూమి అంతకు ముందు ఎవరిది అన్న ప్రశ్న మాకు అప్పుడు తోచలేదు.

ఎకరాలు ఎక్కువే గాని పంట ఒక్కటే. మే నెలలో విత్తి, సెప్టెంబరులో మంచు పడకముందే కోసుకోవాలి. మనకు తుఫాను భయము ఎట్లో, వారికి వడగళ్ల భయము అట్లు. 2020 జూన్‌లో కాల్గరీ ఈశాన్య భాగములో, మన దేశపు వారు ఎక్కువగా కాపురముండే పేటలలోనే, వడగళ్లు పడి ఇండ్ల గోడలు, కార్ల అద్దాలు పగిలిపోయాయి. నష్టము వంద కోట్ల డాలర్లకు పైమాటే. 1996 నుండి ఇన్సూరెన్సు కంపెనీలు డబ్బు పెట్టి విమానాలతో మేఘములపై రసాయనము చల్లిస్తున్నాయి, గడ్డలు చిన్నవిగా పడాలని. శీతకాలములో మాత్రము వారికి ఒక ఉపకారము ఉన్నది. కొండలు దాటి వచ్చే చినూక్ అనే వెచ్చని గాలి వీస్తే కొద్ది గంటలలోనే ఇరవై డిగ్రీల వరకు చలి తగ్గి, మంచు కరిగిపోతుందట.

పట్టణములో బో, ఎల్బో అనే రెండు నదులు కలుస్తాయి. 1875లో పోలీసు దళము కోట కట్టినది ఆ సంగమము యొద్దనే. 1883లో రైలు వచ్చింది, తరువాత చమురు వచ్చింది, ఇప్పుడు పదమూడు లక్షలకు పైగా జనము. 2013 జూన్‌లో ఆ నదులే పొంగి లక్షమంది ఇండ్లు విడువవలసి వచ్చిందని విన్నప్పుడు మనకు గోదావరి తలంపునకు రాక మానదు.

పడమటగా రమారమి 125 కిలోమీటర్లు వెళితే బాన్ఫ్. అక్కడి కొండల అందము అందరూ ఫోటోలలో చూచినదే గనుక ఎక్కువ వ్రాయము. వచ్చేటప్పుడు మాత్రము పెద్ద రోడ్డు విడిచి పాత రోడ్డున బయలుదేరి మోర్లీ యొద్ద ఆగాము. ఇది స్టోనీ నకోడా ప్రజల ఊరు. నది ఒడ్డున, గడ్డి మైదానములో, ఒంటరిగా ఒక చెక్క దేవాలయము. మెథడిస్టు మిషనరీలైన జార్జి మెక్‌డూగల్, ఆయన కుమారుడు జాన్ 1873లో ఇక్కడ పని ప్రారంభించి, 1875లో దానిని కట్టారు. ఆ తండ్రి 1870లో మశూచికము వలన తన కుమార్తెలను పోగొట్టుకున్న మనిషి. 1876 జనవరిలో దున్నల వేటకు వెళ్లి మంచులో దారి తప్పి మరణించాడు. అటువంటి త్యాగము చదివితే మన కన్నులు చెమ్మగిల్లుతాయి.

ఆ దేవాలయమును 2017 మే నెలలో ఎవరో కావాలని తగులబెట్టారు. మిగిలిన పాత కలపను కూడా వాడి దానిని మరల నిలబెట్టే పని తరువాత చేపట్టారు. దేవుని మందిరమును ఎవరు కాల్చుతారు అని మేము చాలా బాధపడ్డాము. కాని ఆ ఊరిలో మిషను వారి బోర్డింగు బడి కూడా ఒకటి ఉండేది.

మన వారికి బోర్డింగు అంటే కృతజ్ఞత. మన ఇండ్లలో పెద్దవారు అనేకులు అక్కడనే అక్షరములు దిద్దుకున్నారు. దొరసానులు తెలుగు నేర్చుకుని మన పిల్లలకు తెలుగులో కథలు చెప్పారు. ఇక్కడ జరిగినది వేరు. ప్రభుత్వము డబ్బిచ్చి, రోమను కథోలికులు, ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు నడిపిన అటువంటి బడులకు దేశమంతట లక్షా యాభై వేలమంది ఆదివాసి పిల్లలను పంపారు. అనేకులను తల్లుల యొద్ద నుండి బలవంతముగానే తీసుకొనిపోయారు. జుట్టు కత్తిరించారు. తమ భాషలో మాట్లాడితే కొట్టారు. వేలమంది పిల్లలు తిరిగి ఇంటికి రాలేదు. చివరి బడి 1990లలో గాని మూతపడలేదు. మెథడిస్టులు కలిసిన యునైటెడ్ చర్చి 1998లో ఇందునుబట్టి క్షమాపణ కోరింది. 2015లో విచారణ సంఘము తన నివేదికను అచ్చువేయించింది. 2022లో పోపుగారు ఆల్బర్టాకే వచ్చి క్షమాపణ చెప్పారు. మన బోర్డింగులు, ఈ బోర్డింగులు ఒకే కాలపువి. ఒకే దేవుని నామమున నడిచినవి. ఈ మాట వ్రాయుటకు మాకు కష్టముగానే ఉన్నది, అయినను దాచుట న్యాయము కాదు.

ఆ సాయంత్రము రోడ్డు ప్రక్క పెట్రోలు బంకులో టీ కొన్నాము. డబ్బు తీసుకున్న నకోడా అమ్మగారికి యాభై ఏండ్లుంటాయి. మేము తెలుగులో మాట్లాడుకొనుట విని, అది ఏ భాష అని అడిగింది. చెప్పాము.

"మీ పిల్లలకు వచ్చునా?"

"వచ్చును గాని, మనవలకు అంతంత మాత్రమే," అన్నాము.

ఆమె కొంచెము సేపు ఊరకుండి, "మా అమ్మ బడిలో దెబ్బలు తిన్నది. అందుకని మాకు మా భాష నేర్పలేదు. నేను ఇప్పుడు సాయంత్రపు క్లాసులో నేర్చుకుంటున్నాను," అని చెప్పి, చిల్లర చేతికిస్తూ తమ భాషలో వందనము చెప్పింది. తెలుగులో ఎట్లు చెప్పాలని అడిగింది. "వందనాలండి" అని నేర్పాము. రెండుసార్లు పలికి, మూడవసారి సరిగానే చెప్పింది.