ఇంటికి ఫైబర్ లైన్ వేయిస్తున్నారా? ఈ మూడు చూసుకోండి

మన వైజాగ్ ఇళ్లకి ఫైబర్ ఎలా వస్తుందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

వీధిలో కరెంటు స్తంభాల మీద నల్ల కేబుల్ చూస్తుంటారు కదా? ఏపీ ఫైబర్‌నెట్ రోడ్లు తవ్వకుండా ఎక్కువగా అలాగే లాగింది. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. ఖర్చు తగ్గింది, పని త్వరగా అయ్యింది. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊళ్లో స్తంభాల్ని ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. స్తంభం పడితే లైనూ పోతుంది. అందుకే తుఫాను రోజుల్లో ఫోన్‌లో డేటా ప్యాక్ ఉంచుకోండి.

"ఈ లైన్ మీ ఒక్కరిదే" అంటారు. సగమే నిజం. స్ప్లిటర్ నుంచి ఇంటికొచ్చే సన్న తీగే మీది. దాని వెనక, జీపాన్ పద్ధతిలో 2.5 జీబీపీఎస్‌ని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. రాత్రిపూట అందరూ వీడియోలు పెడితే స్పీడ్ తగ్గొచ్చు.

టెక్నీషియన్ వచ్చినప్పుడు మూడు చూసుకోండి.

ఒకటి, పవర్ మీటర్ రీడింగ్ అడగండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే ఓకే. మైనస్ 27 కన్నా కిందికి పడితే కనెక్షన్ మాటిమాటికీ తెగుతుంది.

రెండు, తలుపు సందులో, గోడ మూలలో కేబుల్ మడత పడనివ్వొద్దు. లోపలుండేది గాజు పోగు. మడిస్తే వెలుగు బయటికి జారిపోతుంది.

మూడు, బాక్స్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు పోతే లైన్ బాగున్నా బాక్స్ ఆగిపోతుంది.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైట్ వెలిగితే రీస్టార్ట్‌లతో టైమ్ వేస్ట్ చేయకండి. వెలుగు బాక్స్ దాకా రావట్లేదని అర్థం. ముందు హాట్‌స్పాట్ ఆన్ చేయండి, తర్వాత కంప్లయింట్ పెట్టండి.