అసురుడి ఒంటి మీద అన్నం ముద్ద

తెల్లవారేసరికే పిఠాపురం పాదగయ కోనేటి మెట్ల మీద పేర్లు వినిపిస్తుంటాయి. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ముత్తాత దగ్గరికొచ్చేసరికి చాలామంది తడుముకుంటారు, పక్కనున్న బాబాయి వైపు చూస్తారు. మా నాన్నగారికి పిండం పెట్టడానికి వెళ్లినప్పుడు నేనూ అక్కడే ఆగిపోయాను. విస్తరాకులో అన్నం ముద్ద, పైన నల్ల నువ్వులు, పక్కన దర్భలు. తడి పంచె మోకాళ్లకు అంటుకుపోతోంది. ‘‘పేరు గుర్తు లేకపోతే ఫరవాలేదు నాయనా, గోత్రం చెప్పండి’’ అన్నారు పంతులుగారు. ఎవరి పాదాల దగ్గర కూర్చుని ఇదంతా చేస్తున్నామో ఆయన పేరు మాత్రం ఆ పూట మాలో ఎవరమూ తలుచుకోలేదు.

ఆయన గయాసురుడు.

గయుడు అనగానే తెలుగువాళ్లకు ఇంకొకరు గుర్తొస్తారు. చిలకమర్తి ‘గయోపాఖ్యానం’ నాటకం, 1963లో వచ్చిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ సినిమా పుణ్యమా అని, కృష్ణుడి దోసిట్లో ఉమ్మి పడి ప్రాణభయంతో పరుగెత్తిన గంధర్వుడు మనకు బాగా తెలుసు. ఆ గయుడు వేరు, ఈ గయుడు వేరు. ఈయన కథ వాయుపురాణంలోని గయామాహాత్మ్యంలో ఉంది.

125 యోజనాల ఎత్తు, 60 యోజనాల లావు ఉన్న అసురుడు. కోలాహల పర్వతం మీద ఊపిరి బిగబట్టి వేల ఏళ్లు తపస్సు చేశాడు. విష్ణువు ప్రత్యక్షమైతే ఏం అడిగాడు? చావు లేకుండా చేయమనలేదు, ఇంద్ర పదవి ఇమ్మనలేదు. దేవతలకన్నా, తీర్థాలకన్నా, మంత్రాలకన్నా తన ఒళ్లు పవిత్రం కావాలన్నాడు. వరం దొరికింది. ఆయన్ని చూసినవాళ్లు, ముట్టుకున్నవాళ్లు నేరుగా వైకుంఠానికి వెళ్లిపోయారు. యమపురి పాడుబడింది.

దేవతలకు దిగులు పట్టుకుంది. బ్రహ్మ వచ్చి, యజ్ఞం చేసుకోవడానికి నీ ఒళ్లంత పవిత్రమైన చోటు భూమ్మీద లేదు, ఇస్తావా అని అడిగాడు. గయుడు ఎదురు ప్రశ్న వేయలేదు. నా తల్లిదండ్రుల జన్మ ధన్యమైందని, తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి పెట్టి పడుకున్నాడు. ఒంటి మీద హోమం జరిగింది. అయినా ఒళ్లు కదులుతూనే ఉంది. యముడి ఇంటి నుంచి శిల తెచ్చి తల మీద పెట్టారు. దేవతలంతా ఎక్కి కూర్చున్నారు. అప్పటికీ ఆగలేదు. చివరికి విష్ణువే గద పట్టుకుని వచ్చాడు.

అప్పుడు గయుడు అడిగిన మాట దగ్గర నేను ఎన్నిసార్లు చదివినా ఆగిపోతాను. అడగ్గానే ఒళ్లు ఇచ్చినవాణ్ని, మీరు ఒక్క మాట చెబితే కదలకుండా ఉండనా, నన్నెందుకు ఇలా మోసం చేశారు, గదతో ఎందుకు బాధిస్తారు అన్నాడు. దేవతలంతా తన మీద కూర్చుని ఉన్నప్పుడు అడిగిన మాట అది. ఆ వెంటనే కోరిన వరం మళ్లీ ఇతరుల కోసమే: ఇక్కడ పిండం పెట్టినవాళ్ల పితరులు తరించాలి.

అలా పడుకున్న ఆయన తల ఉన్న చోటు బీహార్‌లోని గయ. అక్కడి విష్ణుపాద ఆలయాన్ని ఇప్పుడున్న రూపంలో కట్టించింది ఇందోర్ రాణి అహల్యాబాయి హోల్కర్, 1787లో. ఇదే చోట కొడుకులు తల్లికి ‘మాతృషోడశి’ పెడతారు. నన్ను మోసినప్పుడు పడ్డ బాధకు ఒకటి, కన్నప్పుడు పడ్డ బాధకు ఒకటి, ఇలా పదహారు పిండాలు. పెద్ద మీసాలవాళ్లు కూడా ఏడుస్తూ పెడతారు. నాభి ఒడిశాలోని జాజ్‌పూర్, విరజాదేవి ఆలయంలో. కాళ్లు మన పిఠాపురంలో.

మన దగ్గర చెప్పుకునే కథ ఇంకొంచెం కష్టంగా ఉంటుంది. ఏడు రోజులు కదలకూడదని త్రిమూర్తులు షరతు పెట్టారు. ఆకాశం కనపడకుండా పడుకున్నవాడికి రోజులు లెక్క తెలిసేది కోడికూతతోనే. ఏడో రాత్రి తెల్లవారకముందే శివుడు కోడై కూశాడు. గడువు తీరిందనుకుని గయుడు కదిలాడు. పాదగయ ఒడ్డున వెలసిన కుక్కుటేశ్వరుడి పేరు వెనక ఉన్నది ఆ కూతే. ఆ స్వామికి దండం పెడతాను, కానీ ఆ కూత తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. మూడడుగులిచ్చిన బలికి ఓణం పండగ ఉంది. ఒళ్లంతా ఇచ్చినవాడికి మనం ఒక్క దీపమైనా పెట్టం. అసురుడన్న మాట ఒక్కటే ఆయనకు అడ్డమైంది.

రోజుకొక్క పిండమైనా పడకపోతే గయుడు లేచి కూర్చుంటాడని గయలో నమ్మకం. అలా లేచిన రోజు ఒక్కటీ లేదంటారు అక్కడివాళ్లు.

ఈ భాద్రపదంలో, మహాలయ పక్షాలకు మీరు పిఠాపురం వెళితే మూడు తరాల పేర్లూ చెప్పాక నాలుగో పేరుగా గయాసురుణ్ని తలుచుకోండి. ఆయన పేరు మీద కూడా నాలుగు నువ్వుగింజలు నీళ్లలో వదలండి.