లెక్కకు రాని రెండు గెలుపులు

1896 ఏప్రిల్ 9. ఏథెన్స్‌లోని జాపియన్ భవనంలో ఒలింపిక్స్ కత్తిసాములో సేబర్ పోటీ జరుగుతోంది. బరిలో ఉన్నది ఐదుగురే. ముగ్గురు గ్రీకులు, ఒక డెన్మార్క్ వాడు, ఒక ఆస్ట్రియా వాడు. ఆస్ట్రియా తరఫున దిగిన అడాల్ఫ్ ష్మాల్ మొదటి రెండు పోరాటాలూ గెలిచేశాడు. సరిగ్గా అప్పుడు రాజకుటుంబం వచ్చింది. వాళ్లు చూడలేకపోయారు కనుక ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడించాలని నిర్వాహకులు నిర్ణయించారు. ష్మాల్ గెలుపులు రెండూ చెల్లకుండా పోయాయి. రెండోసారి ఆడించినప్పుడు నాలుగు పోరాటాల్లో అతను గెలిచింది ఒక్కటే. ఐదుగురిలో నాలుగో స్థానం దక్కింది.

ఆధునిక ఒలింపిక్స్‌లో తొలి సేబర్ పోటీ కథ ఇది. నూట ముప్పై ఏళ్ల కిందటి ఆ నిర్ణయం ఇవాళ చదివినా మనసు చివుక్కుమంటుంది. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. రాజుగారి ముందు ఆట పూర్తిగా జరగాలన్న మర్యాదే చాలు, ఇంత పని చేయడానికి. కానీ కత్తి తగిలింది, గెలుపు తేలింది. చూసిన వాళ్ల హోదాను బట్టి ఆ గెలుపు చెల్లడం, చెల్లకపోవడం ఏమిటి?

ఆ ఐదుగురూ ఒకరితో ఒకరు తలపడితే మొత్తం పది పోరాటాలు. నాలుగింటికి నాలుగూ గెలిచినవాడు ఐయోనిస్ జార్జియాడిస్. వయసు ఇరవై ఏళ్లు. ష్మాల్‌కు జరిగినదాని కారణంగా ఇతని విజయాన్ని తక్కువ చేయలేం. ఒక్కరి చేతిలోనూ ఓడలేదు. పదేళ్ల తర్వాత 1906లో ఏథెన్స్‌లోనే జరిగిన క్రీడల్లో మళ్లీ సేబర్ వ్యక్తిగత విజేతగా నిలిచాడు. తర్వాత ఏథెన్స్ విశ్వవిద్యాలయంలో న్యాయవైద్యం, విషశాస్త్రం బోధించిన ఆచార్యుడయ్యాడు. రెండో స్థానం టెలిమాకోస్ కరకలోస్‌ది. మూడోవాడు డెన్మార్క్‌కు చెందిన హోల్గర్ నీల్సన్. ఆ ఒలింపిక్స్‌లోనే తుపాకీ కాల్చాడు, డిస్కస్ విసిరాడు. మన బడి మైదానాల్లో పిల్లలు ఆడే హ్యాండ్‌బాల్‌కు తొలి నియమాలు రాసిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ ఏడాది మొదటి స్థానానికి వెండి పతకం, ఆలివ్ కొమ్మ ఇచ్చారు. రెండో స్థానానికి రాగి పతకం. మూడోవాడికి ఏమీ లేదు. నీల్సన్ పేరు పక్కన ఇప్పుడు కనిపించే కాంస్యం తరువాతి కాలపు లెక్క.

జాపియన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఒలింపిక్స్‌ను తిరిగి బతికించాలని తపించిన ఇవాంజెలిస్ జాపాస్ అనే గ్రీకు ధనికుడు విడిచిపోయిన సొమ్ముతో లేచిన భవనమది. 1859లోనే ఏథెన్స్‌లో క్రీడలకు డబ్బిచ్చిన మనిషి ఆయన. 1865లో కన్నుమూశాడు. 1888లో భవనం ప్రారంభమయ్యాక, ఆయన కోరిక ప్రకారం ఆయన తలను తెచ్చి ఆ గోడలోనే భద్రపరిచారు. కత్తుల చప్పుడు ఆ గోడల మధ్యే మోగింది.

అక్కడ జరిగినవి మూడు పోటీలు: ఫాయిల్, గురువుల ఫాయిల్, సేబర్. జీతానికి కత్తిసాము నేర్పే గురువులను కూడా పోటీకి అనుమతించారు. మిగతా క్రీడల్లో డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు తలుపులు మూసి ఉన్న రోజుల్లో ఇది పెద్ద మినహాయింపే. ఆ గురువుల పోటీలో ఏప్రిల్ 7న లియోనిదాస్ పిర్గోస్ గెలిచి, ఆధునిక ఒలింపిక్స్‌లో గ్రీసుకు తొలి విజేత అయ్యాడు. ఒలింపిక్స్‌కు మళ్లీ ప్రాణం పోసిన కూబర్తాన్ స్వయంగా కత్తిసాము తెలిసినవాడు. అప్పటి నుంచి ఒక్క వేసవి ఒలింపిక్స్ కూడా ఈ ఆట లేకుండా జరగలేదు.

ఫాయిల్‌లో పోటు ఒక్కటే చెల్లుతుంది. సేబర్‌లో పోటూ చెల్లుతుంది, వేటూ చెల్లుతుంది. గుర్రపు దళాల ఖడ్గం నుంచి పుట్టిన ఆయుధమిది. నడుము పైభాగమంతా, తల, చేతులతో సహా లక్ష్యమే. రెప్పపాటులో ఇద్దరి కత్తులూ తగులుతాయి. ఎవరు ముందు దాడికి దిగారో తేల్చాలి. తొలి రోజుల్లో ఆ తీర్పు మొత్తం మనిషి కంటి మీదే ఆధారపడేది.

ష్మాల్ దిగులుపడి కూర్చోలేదు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 13న, నియో ఫాలిరో సైకిల్ ట్రాక్ మీద పన్నెండు గంటల పందెంలో దిగాడు. తెల్లవారుజామున ఐదుకు మొదలైంది. చివరిదాకా నిలిచింది ఇద్దరే. ష్మాల్ దాదాపు 315 కిలోమీటర్లు తొక్కి, బ్రిటన్‌కు చెందిన ఫ్రెడరిక్ కీపింగ్ కంటే ఒక్క చుట్టు ముందు నిలిచి గెలిచాడు. అక్కడ గడియారం, చుట్ల లెక్క తప్ప వేరే సాక్ష్యం అక్కర్లేదు. నాకు ఆ గెలుపు చాలా ఇష్టం. తర్వాత అతను పత్రికా రచయితగా స్థిరపడ్డాడు.

అదే 1896లో ఇటలీకి చెందిన ఇటాలో శాంటెల్లి అనే గురువు బుడాపెస్ట్ చేరాడు. ఆయన శిక్షణలో రాటుదేలిన హంగరీ సేబర్‌ను తన సొంతం చేసుకుంది. 1908 నుంచి 1964 దాకా ఆ దేశం పాల్గొన్న ప్రతి ఒలింపిక్స్‌లోనూ వ్యక్తిగత సేబర్ స్వర్ణం హంగరీదే. 1920లో మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన దేశంగా దానికి పిలుపే రాలేదు. వాళ్లలో అలాదార్ గెరెవిచ్ కథ మరీ గొప్పది. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు ముందు, యాభై ఏళ్ల మనిషివి నీకు చోటెక్కడిదని ఎంపికదారులు అన్నారట. ఆయన వాదించకుండా జట్టులోని వాళ్లలో ఒక్కొక్కరితో తలపడి అందరినీ ఓడించాడని చెబుతారు. రోమ్‌కు వెళ్లాడు, జట్టు స్వర్ణంతో తిరిగొచ్చాడు. 1932 నుంచి ఆరు ఒలింపిక్స్‌లో అది ఆయన ఏడో స్వర్ణం.

కత్తి తగిలిందని తెలిపే విద్యుత్ పరికరం ఎపీ అనే మరో రకం కత్తికి 1936 ఒలింపిక్స్ నాటికే వచ్చింది, ఫాయిల్‌కు 1956లో. సేబర్‌కు మాత్రం 1992 బార్సిలోనా దాకా రాలేదు. వేటు ఏ కోణంలో తగిలినా పట్టుకోవాలంటే ఒంటిమీద లక్ష్యమైన భాగమంతా కరెంటు పారే పైదుస్తులు కావాలి మరి. ఇప్పుడు తగిలితే దీపం వెలుగుతుంది. రెండు దీపాలూ వెలిగితే దాడి ఎవరిదో రిఫరీ చెప్పాలి. ఆ కష్టం ఇంకా తీరలేదు, కానీ తగిలిన వేటును లేదనే వీలు లేదు.

మహిళల సేబర్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2004లో. భారత్ తరఫున ఒలింపిక్స్‌లో కత్తి పట్టిన తొలి వ్యక్తి చెన్నై అమ్మాయి భవానీ దేవి. ఆమెదీ సేబరే. 2021 జులైలో టోక్యో పోటీలకు మహమ్మారి వల్ల ప్రేక్షకులు లేరు. రాజులూ లేరు, జనమూ లేరు. ఆ ఖాళీ హాలులోనే ట్యునీషియాకు చెందిన నాదియా బెన్ అజీజీని 15-3తో ఓడించింది. ఆ గెలుపు ప్రతి వేటుతో సహా రికార్డులో ఉంది. తర్వాతి రౌండులో ఫ్రాన్స్‌కు చెందిన మానోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. 2023లో చైనాలోని వుక్సీలో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ జపాన్ క్రీడాకారిణి మిసాకి ఎమురాను 15-10తో ఓడించి భారత్‌కు ఆ పోటీల్లో తొలి పతకం ఖాయం చేసింది. సెమీఫైనల్లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన జైనబ్ దైబెకోవా చేతిలో 14-15తో ఓడి కాంస్యంతో తిరిగొచ్చింది.