గడియారాల సమకాలీకరణ (వైర్‌లెస్ పరికరాలు)

వైర్‌లెస్ నెట్‌వర్కులోని పరికరాల గడియారాలన్నీ ఒకే సమయాన్ని చూపేటట్లు చేయడాన్ని గడియారాల సమకాలీకరణ అంటారు. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతి నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ (ఎన్.టి.పి.). దీనిని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ రూపొందించాడు. దీని తొలి నిర్దేశ పత్రం 1985లో వెలువడినది.

ఆవశ్యకత

క్వార్ట్జ్ గడియారంలో పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా నెలకు సుమారు 52 సెకన్ల తప్పు వస్తుంది. గడియారానికి బ్యాటరీ లేని పరికరాలు కరెంటు పోయి వచ్చినపుడు తరచుగా 1970 జనవరి 1కి వెళ్ళిపోతాయి.

అనంతపురం పీఠభూమిని ఆనుకొని ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో, 2000 దశకంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండుకు చెందిన ఇ.పి.ఎఫ్.ఎల్. కలిసి మెట్ట రైతుల కోసం 'కామన్‌సెన్స్ నెట్' పేరుతో వైర్‌లెస్ సెన్సర్లను నెలకొల్పాయి. నేల తేమ వంటి కొలత ఏ సమయానిదో తెలియనిదే దానికి విలువ లేదు.

అమర్చే విధానం

# పరికరపు సెట్టింగులలో ఎన్.టి.పి.ని ఆన్ చేయాలి.
# వీలైతే నాలుగు సర్వర్ల చిరునామాలు ఇవ్వాలి. అప్పుడు ఒకటి తప్పు సమయం చెప్పినా మిగిలినవాటితో పోల్చి పరికరం దానిని వదలివేస్తుంది.
# ఫైర్‌వాల్ ఉంటే యు.డి.పి. 123వ పోర్టును అనుమతించాలి.
# ఎన్.టి.పి. అందించేది సార్వత్రిక సమయమే కనుక టైమ్ జోన్‌ను +5:30గా ఎంచుకోవాలి.

చివరి అంశం ముఖ్యమైనది. భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపు దినం ఉదయం 8:30కి ముగుస్తుంది. టైమ్ జోన్ అమర్చకపోతే ఉదయం 10 గంటలకు కురిసిన వాన 4:30గా నమోదై, అంతకు ముందటి వర్షపు దినం ఖాతాలో చేరుతుంది. పదును చూసి వేరుశనగ విత్తే కరువు సీమలో వాన పడిన రోజు తప్పితే ఆ లెక్క రైతుకు పనికిరాదు.