ఉట్నూరు: గోండు నేలకు కేంద్రం

ఉట్నూరు ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న పట్టణం. జిల్లా కేంద్రం కాదు, రైలు సౌకర్యం లేదు, పేరు మోసిన కర్మాగారాలూ లేవు. అయినా ఉత్తర తెలంగాణలోని గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, ఆంధ్‌లు పని పడితే ముందుగా వచ్చేది ఈ ఊరికే. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, ఇక్కడి నుంచే నడుస్తుంది. ఆదిలాబాద్, కొమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్ జిల్లాల గిరిజనుల ఆశ్రమ పాఠశాలలు, సాగునీటి పనులు, సంక్షేమ పథకాలు ఈ కార్యాలయం చేతిలో ఉన్నాయి.

ఆ నాలుగు జిల్లాల దక్షిణపు అంచులోనే మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, గోలేటి బొగ్గు గనులున్నాయి. గోదావరికి దక్షిణపు ఒడ్డున రామగుండం, గోదావరిఖని. అక్కడి నుంచి వంతెన దాటి మంచిర్యాల, లక్షెట్టిపేట, జన్నారం మీదుగా కవ్వాల్ అడవిలోంచి వెళ్తే ఉట్నూరు వస్తుంది. ఈ గనులను నడిపే సింగరేణి సంస్థ పట్టణాలు బొగ్గు దొరికాక పుట్టినవి. ఉట్నూరు చరిత్ర అంతకన్నా చాలా పాతది.

గోండు రాజుల రాజధాని ముందు సిర్పూరు అనీ, తర్వాత బల్లార్పూరు అనీ, చివరికి చాందా, అంటే నేటి చంద్రపూర్ అనీ వారి సంప్రదాయం చెబుతుంది. 18వ శతాబ్దం నడుమ నాగపూరు భోంస్లేలు చాందాను కలుపుకున్నారు. పెన్‌గంగకు దక్షిణాన ఉన్న నేల తర్వాత నిజాం కిందికి వచ్చింది. పెద్ద రాజ్యం పోయినా చిన్న రాజులు మిగిలారు. ఉట్నూరులోని ఆత్రం వంశం వారు అలాంటివారే. ఊళ్ళో శిథిలమైన గోండు కోట ఇప్పటికీ ఉంది. ఊరికొక పట్లా, పట్లాల మీద మొకాశీలు, వారి మీద రాజా. పన్నులు, తగాదాలు, పండుగలు అన్నీ ఈ వరుసలోనే నడిచేవి.

ఆ వరుసను విరగ్గొట్టినవి యుద్ధాలు కావు, అటవీ చట్టాలూ పట్టాలూ. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేస్తూ గూడేలను ఖాళీ చేయించింది. పోడు నేరమైంది. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం పూర్తయ్యాక మైదానం నుంచి రైతులు, వ్యాపారులు వచ్చి భూములు రాయించుకున్నారు. తరతరాలుగా దున్నినవాడి చేతిలో కాగితం లేదు, కొత్తగా వచ్చినవాడి చేతిలో ఉంది. కొమురం భీం జల్, జంగల్, జమీన్ అంటూ తిరగబడి, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు.

ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవాలని ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. ఆయన సిఫారసులతో వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చయ్యాయి. సొంత భాషలో చదువు చెప్పే సొంత ఉపాధ్యాయులు అలా తయారయ్యారు. ఆ పని తర్వాతి ప్రభుత్వాల కాలంలో నీరసించిపోవడం ఈ ప్రాంతానికి జరిగిన పెద్ద నష్టం. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసింది. దంపతులిద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం అయిదో షెడ్యూలు ఈ ప్రాంతానికి రక్షణ ఇచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారకూడదన్న 1959 నాటి నిబంధన 1963లో తెలంగాణకూ వర్తించింది. 1970లో దాన్ని మరింత గట్టిపరిచారు. జనం నోట అది వన్ ఆఫ్ సెవెంటీ. కాగితం మీద చట్టం గట్టిదే, అమలు మాత్రం బలహీనం. ఆ కోపమంతా 1981 ఏప్రిల్ 20న బయటపడింది. అది సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవారు 13 మంది, జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. అక్కడి అమరుల స్తూపానికి ఏటా ఆ రోజున గూడేలు కదిలి వస్తాయి.

ఉట్నూరు ఐటీడీఏ 1970లలో, అయిదో పంచవర్ష ప్రణాళిక కాలపు గిరిజన ఉపప్రణాళిక ఆలోచనలోంచి వచ్చింది. దాన్ని నడిపే ప్రాజెక్టు అధికారి ఐఏఎస్ అధికారి. ప్రభుత్వం పంపితే వస్తారు, బదిలీ అయితే వెళ్ళిపోతారు. మంచి అధికారి వచ్చిన కాలంలో బడులు, రోడ్లు, ఆసుపత్రులు వేగంగా కదిలాయి. కానీ ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చే ఓటు ఆదివాసికి లేదు.

అందుకే గోండులు తమదనుకునే అధికారం ఇంకా చాలా చోట్ల పరచుకుని ఉంది. కొన్ని గూడేలకు కలిపి ఒక రాయి సెంటర్ ఉంటుంది, దానికి పెద్ద సార్మేడి. పెళ్ళి తగువులు, పొలం గట్టు తగువులు పోలీసు స్టేషన్ దాకా పోకుండా అక్కడే తేలుతాయి. అన్నిటికంటే పెద్ద కూడలి ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్. పుష్య అమావాస్య నాడు మెస్రం వంశస్థులు నాగోబాకు మహాపూజ చేస్తారు. అభిషేకానికి కావలసిన నీటిని జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి నుంచి కాలినడకన తెస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ ఈ జాతరలోనే జరుగుతుంది. హైమన్‌డార్ఫ్ కాలంలో మొదలైన దర్బారుకు కలెక్టరు, ప్రాజెక్టు అధికారి వచ్చి కూర్చుని అర్జీలు వింటారు. ఏడాదికి ఒక్కరోజైనా ప్రభుత్వమే ఆదివాసి గడపకు రావడం చిన్న సంగతేమీ కాదు.

ఉట్నూరును పోల్చి చూడదగ్గ ఊరు ఒకటి అమెరికాలో ఉంది, ఓక్లహోమా రాష్ట్రంలోని టాలిక్వా అనే చిన్న నగరం. అక్కడి ఆదివాసులైన చెరోకీలను 1838–39లో తూర్పు నుంచి సైన్యం బలవంతంగా తరలించింది. దారిలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. మిగిలినవారు 1839లో టాలిక్వాను రాజధాని చేసుకుని రాజ్యాంగం రాసుకున్నారు. 1844 నుంచి సొంత లిపిలో పత్రిక అచ్చువేశారు. ఓక్లహోమా 1907లో రాష్ట్రం కాగానే వారి ప్రభుత్వం దాదాపు లేకుండా పోయింది. వారి రాజధాని భవనం కౌంటీ కచేరీ అయింది. వారి నాయకుణ్ణి కూడా అమెరికా అధ్యక్షుడే నియమించేవాడు. 1970లో చట్టం మారాకే ఎన్నికలు తిరిగి వచ్చాయి. నేడు 4.5 లక్షలకు పైగా సభ్యులున్న చెరోకీ నేషన్‌కు టాలిక్వాలో సొంత శాసనసభ, కోర్టులు ఉన్నాయి. వీధి పేర్ల బోర్డులు రెండు భాషల్లో కనిపిస్తాయి. పోగొట్టుకున్న అధికారం తిరిగి తెచ్చుకోవచ్చని ఆ ఊరు చెబుతోంది. ఉట్నూరు దగ్గర లేనిది అదే.

లిపి మాత్రం ఇక్కడా ఉంది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండీ రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. అంత జనం మాట్లాడే భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఇంకా చోటు లేదు.

ఇప్పటి చిక్కులన్నీ ఉట్నూరు చుట్టూనే తిరుగుతున్నాయి. 1976లో తెలంగాణలోని లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు వచ్చింది. ఉద్యోగాలు, సీట్ల వాటా మీద 2017లో రగిలిన వివాదం ఆదివాసులు, లంబాడీలు అనే రెండు పేద సమాజాల మధ్య గాయంగా మిగిలింది. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో ఉపాధ్యాయ కొలువులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గనుల విషయంలో 1997 నాటి సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు లీజులను అడ్డుకుంది, ప్రభుత్వ సంస్థలకు దారి వదిలింది. సింగరేణి సంస్థ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలతో నడిచేది కనుక ఆ తీర్పు దానికి అడ్డు కాలేదు. గనుల కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. దాని నియమాలు ఇక్కడ 2011లో వచ్చాయి. గూడెంలో గ్రామసభ ఎంత గట్టిగా నిలబడితే ఉట్నూరు అంతగా ఆదివాసులది అవుతుంది.